40 అడుగుల ఆర్‌వీ డీటెయిలింగ్‌కి రేటు ఎలా చెప్పాలి? అడుగుకి ఇంత అని ఒకసారి చెప్పి బాగా దెబ్బతిన్నాను

లేక్‌సైడ్_పాలిష్:

అందరికీ నమస్కారం. నేను డాలస్‌కి ఉత్తరాన లూయిస్‌విల్ దగ్గర ఉంటాను. రెండేళ్ళ కిందట ఐటీ ఉద్యోగం పోయింది, అప్పటికే గ్రీన్ కార్డ్ చేతిలో ఉంది కాబట్టి ధైర్యం చేసి కార్ల డీటెయిలింగ్, అంటే కడిగి పాలిష్ చేసి మెరిపించే పని, మొదలుపెట్టాను. వ్యాన్‌లో 100 గ్యాలన్ల ట్యాంకు, జనరేటరు, రెండు పాలిషర్లు వేసుకుని కస్టమర్ ఇంటికే వెళ్ళి చేస్తాను. కార్ల మీద చెయ్యి తిరిగింది, సెడాన్ అయినా ఎస్‌యూవీ అయినా ఒక చుట్టు తిరిగి చూస్తే ఎన్ని గంటల పనో చెప్పేయగలను. నా ఇబ్బందంతా ఆర్‌వీలతోనే, అంటే లోపల ఇల్లులా ఉండే బళ్ళతో.

మార్చిలో ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. 34 అడుగుల క్లాస్ ఏ మోటార్‌హోమ్, అంటే బస్సులా ముందు నిలువుగా ఉండేది. వాష్ చేసి వాక్స్ పెట్టాలి, అడుగుకి ఎంత తీసుకుంటావ్ అని అడిగాడు. నేను బండి చూడకుండా, ఫోటో కూడా అడక్కుండా 15 డాలర్లు అని చెప్పేశాను. మొత్తం 510. రోజులో అయిపోతుంది, బాగానే మిగులుతుందనుకున్నాను.

అక్కడికి వెళ్ళి చూస్తే డ్రైవర్ వైపు గోడంతా సున్నం కొట్టినట్టుంది. వేలితో గీస్తే గీత పడింది, వేలికి తెల్లటి పొడి అంటుకుంది. కడిగినంతసేపు, తడి ఉన్నంతసేపు బ్రహ్మాండంగా మెరిసింది, ఆరగానే మళ్ళీ అదే తెలుపు. వాక్స్ పెట్టి చూశాను, గంటకల్లా మసకబారింది. ఇక తప్పదని కాంపౌండ్ (చచ్చిన పై పొరని అరగదీసే ముద్ద) తీశాను. శని, ఆదివారాలు పూర్తిగా, సోమవారం సగం రోజు, నేనూ మా బావమరిదీ నిచ్చెన జరుపుకుంటూ, చేతులు పైకెత్తి మెషీన్ పట్టుకుని చేశాం. నేను 20 గంటలు, తను 18 గంటలు. తనకి గంటకి 18 చొప్పున 324 ఇచ్చాను. ప్యాడ్లు, కాంపౌండ్, వాక్స్ 85. వ్యాన్‌కీ జనరేటర్‌కీ పెట్రోలు 40. నాకు మిగిలింది 61 డాలర్లు, అంటే గంటకి మూడు. ఆ పెద్దాయన తప్పేమీ లేదు, నేను చెప్పిన డబ్బు పూర్తిగా ఇచ్చాడు, బండి చూసుకుని చాలా సంతోషపడ్డాడు. తప్పు నా లెక్కది.

ఇప్పుడు ఇంకోటి వచ్చింది. 40 అడుగుల ఫిఫ్త్ వీల్, పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాగేది, మూడు స్లైడ్‌లు (బటన్ నొక్కితే బయటికి జరిగే గది భాగాలు) ఉన్నాయి. ఎనిమిదేళ్ళుగా స్టోరేజ్ లాట్‌లో ఎండలోనే ఉంది. అక్కడ నీళ్ళు లేవు, కరెంటు లేదు. పక్కన స్టిక్కర్ డిజైన్లు పగుళ్ళిచ్చాయి. ఓనరు కొత్తదానిలా కావాలంటున్నాడు, సిరామిక్ కోటింగ్ (చాలాకాలం నిలిచే గట్టి పూత) గురించి కూడా అడిగాడు. ఈయన మొదటి ప్రశ్న కూడా అడుగుకి ఎంత అనే. ఇంకా జవాబు చెప్పలేదు, శనివారం వచ్చి చూస్తానన్నాను.

ఎక్కువ చెబితే పని పోతుందని టెన్షన్, తక్కువ చెబితే మళ్ళీ మార్చి నెలే. ఈ పని చేసేవాళ్ళు లెక్క ఎలా వేస్తారో కాస్త వివరంగా చెప్పండి.

ఎడారి_బండి:

తమ్ముడూ, నేను అరిజోనాలో మేసాలో పదకొండేళ్ళ నుంచి ఈ పనే చేస్తున్నాను. నవంబరు నుంచి మార్చి దాకా చలి ప్రాంతాల నుంచి రిటైరైనవాళ్ళు ఆర్‌వీలు వేసుకుని ఇక్కడికి దిగుతారు, ఆ ఐదు నెలలూ ఊపిరి తీసుకునే టైమ్ ఉండదు. జనవరిలో క్వార్ట్‌సైట్ ఎడారికి వెళ్ళొచ్చిన బళ్ళయితే కిటికీ రబ్బర్ల సందుల్లో కూడా దుమ్ము దిగి ఉంటుంది. నువ్వు పడ్డ దెబ్బ నేనూ మొదటి ఏడాది పడ్డాను, ఒకటి కాదు, నాలుగు బళ్ళ మీద.

ఒక్క మాట గట్టిగా పట్టుకో. అడుగు లెక్క కస్టమర్‌కి చెప్పడానికి, గంటల లెక్క నువ్వు వేసుకోవడానికి. బండి పొడవు చెప్పేది తక్కువ, బండి ఎంత పాడైందన్నదే ఎక్కువ చెబుతుంది. ఆ సంగతి తెలియాలంటే మెషీన్ ఆనించి చూడాలి, వేరే దారి లేదు.

శనివారం వెళ్ళినప్పుడు మెషీన్, కాంపౌండ్, రెండు ఊలు ప్యాడ్లు, మాస్కింగ్ టేపు పట్టుకెళ్ళు. ఎండ పడే వైపు గోడ మీద రెండడుగులకి రెండడుగుల చదరం టేపుతో కట్టు. దాన్ని కడుగు, కాంపౌండ్ పెట్టు, తర్వాత పాలిష్ చెయ్యి, తుడువు. మొదటి నిమిషం నుంచి చివర తుడిచేదాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడవాలి. నువ్వు కస్టమర్‌కి ఇవ్వబోయే మెరుపు వచ్చేదాకా ఆపొద్దు. అదే పని నీడ వైపు ఒకసారి, ముందు ముక్కు మీద ఒకసారి చెయ్యి. ముక్కు పైకి వాలి ఉంటుంది కాబట్టి ఎండంతా దాని మీదే పడుతుంది, చాలా బళ్ళకి అదే అన్నిటికంటే అధ్వానంగా ఉంటుంది.

ఇప్పుడు నీ 40 అడుగుల బండికే లెక్క వేద్దాం. గోడ ఎత్తు సుమారు 9 అడుగులనుకో. ఒక వైపు 360 చదరపు అడుగులు, రెండు వైపులా 720. ముందూ వెనకా కలిపి ఇంకో 160. మొత్తం 880లో కిటికీలు, తలుపులు ఓ 100 తీసేస్తే 780 మిగిలింది. నీ టేపు చదరం 4 చదరపు అడుగులు కాబట్టి అలాంటివి 195. చదరానికి 6 నిమిషాలు పడితే 1,170 నిమిషాలు, అంటే 19.5 గంటలు. దీని మీద పాతిక శాతం కలుపు. నిచ్చెన జరపడం, ప్యాడ్ శుభ్రం చేసుకోవడం, వైరు చుట్టుకోవడం, నీళ్ళు తాగడం అన్నీ అందులోకే వస్తాయి. 24 గంటలు దాటింది. వాష్, రూఫ్ కలిపి 5 గంటలు, చివర సీలెంట్ (మెరుపుని కాపాడే పూత) పెట్టడానికి 4, సామాను దింపి ఎక్కించడానికి 2. మొత్తం 35 గంటల పైచిలుకు. గంటకి 60 డాలర్లు వేసుకుంటే 2,125 దగ్గర తేలుతుంది, అడుగుకి 53.

అదే బండి, అదే 40 అడుగులు, చదరానికి 10 నిమిషాలు పట్టిందనుకో. బఫింగే (మెషీన్‌తో రుద్దే పనే) 40 గంటలు దాటుతుంది, మొత్తం 51 గంటల పైన. 3,100 డాలర్లు, అడుగుకి 77. చూశావా, పొడవు అంగుళం కూడా మారలేదు, వెయ్యి డాలర్ల తేడా వచ్చింది. ఫోన్‌లో అడుగు రేటు చెప్పేస్తే ఆ వెయ్యి నీ జేబులోంచి పోతుంది.

గంటకి 60 ఏమిటి, అంత ఎందుకు అని నీకే అనిపించొచ్చు. అది నీ కూలి కాదు. ఇన్సూరెన్సు, మెషీన్ల అరుగుదల, నీళ్ళు, వర్షం వచ్చి ఆగిపోయిన రోజు, ఫోన్లు మాట్లాడే టైమ్, ఇవన్నీ అందులోంచే రావాలి. ఇక్కడ సొంత పని చేసుకునేవాడికి ఇన్‌కమ్ ట్యాక్స్ కాక సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ 15.3 శాతం ఉంటుంది, చాలామంది మొదటి ఏడాది అది మరిచిపోయి ఏప్రిల్‌లో ఏడుస్తారు. నువ్వు ఎక్కడికి వెళ్ళినా మైళ్ళు రాసిపెట్టుకో, 2025లో ఐఆర్‌ఎస్ (ఇక్కడి ట్యాక్స్ ఆఫీసు) లెక్క మైలుకి 70 సెంట్లు ఉండేది.

ఇక ఫోన్‌లో అడిగినవాళ్ళకి ఏం చెప్పాలంటావా? నేను కింది రేటు ఒక్కటే చెప్తాను. "మంచి కండిషన్‌లో ఉంటే వాష్, వాక్స్ అడుగుకి ఇంత నుంచి మొదలు, గోడ మీద చెయ్యి రాస్తే తెల్లగా అంటుకుంటుంటే చూడకుండా చెప్పలేను, ఒకసారి రాసి చూసి చెప్పండి" అంటాను. ఫోన్ పట్టుకునే వెళ్ళి రాసి చూస్తారు. తెల్లటి అరచేయి చూసుకున్నాక బేరం తీరే మారిపోతుంది, ఎందుకంటే సమస్య ఏమిటో వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూశారు.

పడవల_పని:

నేను ఫ్లోరిడాలో టాంపా వైపు పడవలకి చేస్తాను, ఆర్‌వీలు ఏడాదికి ఓ పదిహేను దాకా వస్తాయి. ఎడారి అన్న చెప్పిన స్టాప్‌వాచ్ లెక్క నూటికి నూరుపాళ్ళు కరెక్టు. నేను చెప్పేది మెటీరియల్ గురించి, ఎందుకంటే రేటు తప్పడానికి సగం కారణం అక్కడే ఉంటుంది.

కార్ల నుంచి వచ్చినవాళ్ళకి క్లియర్‌కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) అలవాటు. ఆర్‌వీ గోడ చాలావాటికి ఫైబర్‌గ్లాస్, దాని పైన ఉండేది జెల్‌కోట్, అంటే రంగు కలిపిన రెసిన్ పొర. అది ఎండకి పైపైన చచ్చిపోయి పొడిగా మారుతుంది. కారుకి వాడే చిన్న డీఏ (ఊగుతూ తిరిగే పాలిషర్), మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో దాని మీద ఎంత తిప్పినా చెయ్యి నొప్పే మిగులుతుంది. రోటరీ మెషీన్ (ఊగకుండా గిర్రున తిరిగేది), ఊలు ప్యాడ్, మెరైన్ కాంపౌండ్ ఉండాలి. ప్యాడ్ నిమిషాల్లో పొడితో నిండిపోతుంది, ప్రతి రెండు మూడు చదరాలకీ స్పర్ (ప్యాడ్ దువ్వే పళ్ళ చక్రం) కొట్టి శుభ్రం చేసుకోకపోతే చచ్చిన జెల్‌కోట్‌నే మళ్ళీ గోడకి రుద్దుతున్నట్టు. అలా మధ్యమధ్యలో ఆగే టైమే ఆ పాతిక శాతంలో పెద్ద వాటా.

ఇంకో సంగతి, ఖరీదైన క్లాస్ ఏ బళ్ళకి గోడంతా పెయింట్ వేసి పైన క్లియర్‌కోట్ ఉంటుంది. అవి చూడ్డానికి జెల్‌కోట్ బండి పక్కనే నిలబడి ఉంటాయి, కానీ పని వేరే. దాని మీద ఊలు ప్యాడ్‌తో జెల్‌కోట్ మీద నొక్కినట్టు నొక్కితే క్లియర్ లేచిపోతుంది. మీ దగ్గరున్న మామూలు పెయింట్ గేజ్ (పొర మందం కొలిచేది) ఇనుము మీదా అల్యూమినియం మీదా చెబుతుంది తప్ప ఫైబర్‌గ్లాస్ మీద ఏమీ చెప్పదు, దానికి అల్ట్రాసోనిక్ గేజ్ కావాలి, అది ఖరీదు. లేకపోతే టెస్ట్ చదరంలో ప్యాడ్ మీద ఏ రంగు వస్తోందో చూసుకోవాలి. రంగున్న గోడ మీద రుద్దితే ప్యాడ్‌కి గోడ రంగే వస్తోందంటే పైన క్లియర్ లేనట్టే.

సిరామిక్ మాట. ఆక్సిడేషన్ (ఎండకి చచ్చి పొడిగా మారిన పై పొర) పూర్తిగా తీయకుండా దాని మీద కోటింగ్ పెడితే అది నిలవదు, పొడి మీద పెట్టిన ముద్ర పొడితోనే పోతుంది. కాబట్టి సిరామిక్ రేటు ఎప్పుడూ ఆక్సిడేషన్ పని రేటుకి పైన వస్తుంది, దాని బదులుగా కాదు. కస్టమర్‌కి ఇది మొదట్లోనే చెప్పాలి, చాలామంది కోటింగ్ పెడితే పాలిష్ అక్కర్లేదనుకుంటారు. ఎనిమిదేళ్ళు ఎండలో ఉండి, ఇక మీదట కూడా ఎండలోనే ఉండబోయే బండికి నేనైతే మంచి పాలిమర్ సీలెంట్ పెట్టి, ఆరు నెలలకోసారి వాష్‌కి పిలవమంటాను. ఆయనకి ఖర్చు తక్కువ, మీకు మళ్ళీ మళ్ళీ వచ్చే పని. కోటింగ్ అమ్మితే ఈ రోజు ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ కవర్ లేని లాట్‌లో ఉండే ఫిఫ్త్ వీల్‌కి అది చెయ్యమని నాకు నోరు రాదు.

స్టిక్కర్లు అసలు రేటులో కలపొద్దు. పగిలిన వినైల్ హీట్ గన్‌తో ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, ఒక గంటా పట్టొచ్చు, రోజంతా పట్టొచ్చు. దానికి విడిగా గంట లెక్క పెట్టండి. తీసిన తర్వాత కూడా దాని ఆకారం గోడ మీద నీడలా కనిపిస్తుంది, ఎందుకంటే స్టిక్కర్ కింద ఉన్న జెల్‌కోట్‌కి ఇన్నాళ్ళూ ఎండ తగల్లేదు. ఆ నీడ పూర్తిగా పోతుందని మాట మాత్రం ఇవ్వకండి.

గుంటూరు_టు_హ్యూస్టన్:

నేను పని చేసేదాన్ని కాదండీ, చేయించుకునేదాన్ని. మాకు 31 అడుగుల క్లాస్ సీ ఉంది, డ్రైవర్ క్యాబిన్ పైన మంచం ఉండేది. మా అత్తగారూ మామగారూ గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఎల్లోస్టోన్ తీసుకెళ్ళాలని కొన్నాం. హోటల్ తిండి వాళ్ళకి పడదు, ఇందులో అయితే పొద్దున్నే ఉప్మా, రాత్రికి పప్పుచారు మా ఇంట్లోలాగే.

కస్టమర్ వైపు నుంచి ఒకటి చెప్పాలనిపించింది. మొదటిసారి అందరికంటే తక్కువ చెప్పినాయన్ని పిలిచాం. ఆయన ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొట్టి ఒక పక్క స్టిక్కర్ అంచు చింపేశాడు, ఫ్రిజ్ వెనక ఉండే జాలీలోకి కూడా నీళ్ళు కొట్టాడు. రెండూ మాకు చెప్పలేదు. రూఫ్ జోలికే వెళ్ళలేదు. మా రూఫ్ ఈపీడీఎం రబ్బరు, అది కొంచెం కొంచెంగా పొడి రాలుస్తుంది, మొదటి వాన పడగానే పాలు కారినట్టు తెల్లటి చారలు గోడల మీదకి దిగాయి. రెండు రోజుల్లో డబ్బు దండగైంది.

రెండోసారి వచ్చినాయన దాదాపు రెట్టింపు చెప్పాడు. కానీ చెప్పేముందు నిచ్చెన వేసుకుని పైకెక్కి, పది నిమిషాలు చూసి, ఫోన్‌లో ఫోటోలు తీసి చూపించాడు. ఏసీ పక్కన వెంట్ చుట్టూ సందులు మూసే రూఫ్ సీలెంట్ పగిలి ఉంది, వేలు పట్టేంత కాదు కానీ నీళ్ళు దిగేంత. "నేను ఇది బాగుచెయ్యను, నా పని కాదు, కానీ ముందు ఇది చేయించుకోండి, నేను నీళ్ళు కొడితే లోపలికి దిగుతుంది" అన్నాడు. పని చెయ్యకుండానే ఆ రోజు వెళ్ళిపోయాడు. మేము సీలెంట్ వేయించుకుని పది రోజుల తర్వాత ఆయన్నే పిలిచాం, రేటు గురించి మా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ ఫోటో చూసిన తర్వాత ఆయన ఎంత చెప్పినా ఇచ్చేవాళ్ళం అని నాకు అనిపిస్తుంది.

మీరు ఎక్కువ చెబితే పని పోతుందని భయపడుతున్నారు కదా. మాలాంటివాళ్ళు భయపడేది వేరేదానికి. లక్ష డాలర్ల బండిని ఎవరి చేతిలో పెడుతున్నామో అని.

ఎడారి_బండి:

అమ్మా, మీరు రూఫ్ మాట ఎత్తారు కాబట్టి దాని గురించి రెండు ముక్కలు. ఈపీడీఎం రూఫ్ మీద పెట్రోలియం ఉన్న క్లీనర్లు, నారింజ నూనె క్లీనర్లు వాడకూడదు, రబ్బరు ఉబ్బుతుంది. తమ్ముడూ, రూఫ్ ఏ రకమో ఓనర్‌ని అడిగి రాసుకో, ఈపీడీఎం, టీపీఓ (ఇంకో రకం రూఫ్ షీటు), ఫైబర్‌గ్లాస్ మూడిటికీ పద్ధతి వేరు. రూఫ్ ముందు కడగాలి, గోడలు తర్వాత. సబ్బు నీళ్ళ మీద రబ్బరు మంచులా జారుతుంది. 12 అడుగుల ఎత్తు నుంచి పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. జీతానికి మనిషిని పెట్టుకున్నప్పుడు ఎత్తు మీంచి పడకుండా చూసే బాధ్యత నీదే. నేను నిచ్చెన మీద నిలబడి మెషీన్ పట్టడం ఎప్పుడో మానేశాను, చక్రాలున్న స్కాఫోల్డ్‌లు (ఎత్తులో నిలబడి పని చేసే చట్రాలు) రెండు కొన్నాను. ఒకసారి జరిపితే పది అడుగుల గోడ చేతికి అందుతుంది. నీ చదరం టైమ్ నిచ్చెన మీద ఒకలా, దాని మీద ఇంకోలా వస్తుంది.

ఇన్సూరెన్సు చూసుకున్నావా? మామూలు లయబిలిటీ పాలసీ సాధారణంగా నీ చేతిలో పనికోసం ఉన్న కస్టమర్ బండికి తగిలిన దెబ్బకి డబ్బివ్వదు. దానికి గ్యారేజ్‌కీపర్స్ కవరేజ్ అని విడిగా తీసుకోవాలి. లిమిట్ కూడా చూసుకో, కార్లకి సరిపోయిన లిమిట్ మోటార్‌హోమ్‌కి చాలదు.

స్లైడ్‌లు నువ్వు బటన్ నొక్కి బయటికి తియ్యొద్దు, ఓనరే తియ్యాలి, మళ్ళీ ఆయనే మూయాలి. అది విరిగితే నీ ఏడాది సంపాదన పోతుంది. బయటికి తీసినప్పుడు మూడు స్లైడ్‌ల పక్క గోడలు కొత్తగా కనిపిస్తాయి, అవి నేను పైన వేసిన 780లో లేవు, కొలిచి కలుపుకో. మూసి ఉన్న భాగానికి ఎండ తగలదు కాబట్టి అక్కడ పని తేలికే, వాష్, సీలెంట్‌తో సరిపోతుంది.

కొత్త_పాఠకుడు:

అన్నా, మంచి థ్రెడ్. నేను హెచ్1బీ మీద ఉన్నాను, ఆస్టిన్. వీకెండ్స్‌లో ఇలాంటిది మొదలుపెడదామని ఆలోచిస్తున్నాను, క్యాష్ తీసుకుంటే పర్లేదా?

లేక్‌సైడ్_పాలిష్:

వద్దు తమ్ముడూ. హెచ్1బీ మీద నీ ఎంప్లాయర్ దగ్గర తప్ప పని చెయ్యకూడదు, సొంత పని కూడా పనే, క్యాష్ అయినా అంతే. నాకూ నీలాగే ఆలోచన వచ్చింది, కార్డ్ వచ్చేదాకా నా కారు, స్నేహితుల కార్లు డబ్బు తీసుకోకుండా చేసి నేర్చుకున్నాను. నువ్వూ అలా చెయ్యి. స్టేటస్ పోగొట్టుకోవద్దు.

పడవల_పని:

ఇంకోటి మరిచిపోయాను. స్టోరేజ్ లాట్‌లో నీళ్ళు ఎక్కడికి పోతాయో ముందే చూసుకోండి. సబ్బు నీళ్ళు, పాలిష్ పొడి వాన నీటి కాలవలోకి వెళ్ళకూడదు, అవి శుద్ధి లేకుండా నేరుగా చెరువుకే పోతాయి, ఊరివాళ్ళు జరిమానా వేస్తారు. చాలా ఆర్‌వీ పార్కుల్లో అసలు వాషే చేయనివ్వరు. లాట్ మేనేజర్ దగ్గర సరే అని మెసేజ్ తీసుకోండి. ట్యాంకు నీళ్ళతో 40 అడుగుల బండి కడగాలంటే మీ 100 గ్యాలన్లు చాలకపోవచ్చు, మళ్ళీ నింపుకుని రావడానికి టైమ్ కూడా లెక్కలోకి వస్తుంది. టెక్సస్ ఎండలో పొద్దున 10 దాటితే గోడ కాలిపోతూ ఉంటుంది, కాంపౌండ్ ఆరిపోతుంది, కాబట్టి రోజుకి పది గంటలు చేస్తానని లెక్క వెయ్యకండి. ఆరేడు గంటలు వెయ్యండి, అన్ని రోజులూ చెప్పండి.

లేక్‌సైడ్_పాలిష్:

అందరికీ థాంక్స్. నిన్న శనివారం వెళ్ళొచ్చాను. అన్నీ వివరంగా రాస్తున్నాను, నాలా వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి పనికొస్తుంది.

పొద్దున ఆరున్నరకల్లా అక్కడున్నాను. బండి ఎనిమిదేళ్ళూ ఒకే దిక్కుకి నిలబడి ఉంది, దక్షిణం వైపు గోడ ఉత్తరం వైపు గోడ చూస్తే రెండు వేరే బళ్ళవి అన్నట్టున్నాయి. ఎండ వైపు చదరానికి 9 నిమిషాలు పట్టింది, నీడ వైపు 5. ముక్కు దాదాపు ఎండ వైపు లాగే. టేపు పీకినప్పుడు మధ్యలో తెల్లగా మెరుస్తున్న చదరం, దాని చుట్టూ సుద్ద రంగు గోడ. ఓనరు వంగి ఆ చదరంలో తన మొహం చూసుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఏమీ మాట్లాడలేదు, వాళ్ళావిడకి వీడియో కాల్ చేసి చూపించాడు.

లెక్క ఇలా వచ్చింది. గోడ టేపుతో కొలిచాను, 780కి దగ్గరగానే ఉంది. సగం 9 నిమిషాల లెక్కన, సగం 5 నిమిషాల లెక్కన వేస్తే బఫింగ్ 22.7 గంటలు, పాతిక శాతంతో 28 దాటింది. మిగతా 11 గంటలు కలిపితే 39. గంటకి 60 చొప్పున 2,365, నీళ్ళు రెండోసారి తేవడానికీ జనరేటర్‌కీ కలిపి 2,500 అని చెప్పాను. అడుగుకి 62.50. స్టిక్కర్లు విడిగా గంటకి 60, నీడ ఉండిపోవచ్చని కాగితం మీద రాసి ఇచ్చాను. నోరు తడారిపోయింది చెప్పేటప్పుడు.

ఆయనకి ఇంకొకరు ఫోన్‌లో 1,200 చెప్పారట. నేను ఏమీ అనలేదు, వాళ్ళని కూడా ఒక టెస్ట్ చదరం చెయ్యమనండి, నా చదరం పక్కనే చెయ్యమనండి అన్నాను. తర్వాత నిచ్చెనెక్కి రూఫ్ ఫోటోలు తీసి చూపించాను, గుంటూరు అక్క చెప్పారు కాబట్టి. ఒక మూల లాడర్ బోల్టుల దగ్గర రూఫ్ సీలెంట్ లేచి ఉంది, అది ముందు వేయించుకోమన్నాను.

రాత్రి ఫోన్ చేశాడు. మొత్తం ఒకేసారి పెట్టలేనన్నాడు. ఎండ వైపు గోడ, ముక్కు, రూఫ్, బండంతా వాష్ ఇప్పుడు, రెండో వైపు అక్టోబరులో. దానికి 1,600 చెప్పాను, సరేనన్నాడు, ఐదు వందలు అడ్వాన్స్ వేశాడు. సిరామిక్ వద్దని నేనే చెప్పాను, సీలెంట్‌తో వెళ్తున్నాం.

ఎడారి అన్నా, ఒక చిన్న డౌటు. అక్టోబరు దాకా రెండో వైపు అలాగే వదిలేస్తే, అప్పటికి టైమ్ పెరుగుతుంది కదా. ఈ రోజు 5 నిమిషాల లెక్కన చెప్పిన రేటు అప్పుడు నిలబడుతుందా?

ఎడారి_బండి:

నీడ వైపు నాలుగైదు నెలలకి పెద్దగా మారదు, కానీ కాగితంలో రాయి, "అక్టోబరులో మళ్ళీ టెస్ట్ చదరం చేసి రేటు ఖాయం" అని. ఇప్పుడు వాష్ చేసేటప్పుడు ఆ వైపు కూడా పలచగా ఒక చేత్తో సీలెంట్ రాసి వదిలెయ్, ముప్పావు గంట పని. పొడి మీద అది ఎక్కువ రోజులు నిలవదు, అయినా ఈ వేసవికి కాస్త అడ్డం పడుతుంది. ఇంకోటి, ఆ రెండు టెస్ట్ చదరాల ఫోటోలు తేదీ వేసి దాచుకో. తర్వాత వచ్చే కస్టమర్‌కి ఫోన్‌లో పంపడానికి వాటికంటే మంచివి నీ దగ్గర ఉండవు.